మోచేతి కింద రెండు వేళ్లు

మా ఆవిడ పోయిన నలభై రోజులకి ఒక తల్లి మా ఇంటికి వచ్చి, తన కూతురు అన్నం ముట్టడం లేదని చెప్పింది.

పరామర్శకి వచ్చిందనుకుని కుర్చీ వేశాను. ఆమె కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మేడమ్మగారు పోయారని తెలిసిన రోజే రావాల బాబూ. బస్సెక్కి మళ్లీ దిగిపోనాను. ఏటని మాటాడాలో తెలీనేదు," అంది. ఏడవలేదు. కొంగుతో మెడ తుడుచుకుని వచ్చిన పని చెప్పింది. "పిల్ల కంచం ముందు కూకుంటాది. సెయ్యి కడుక్కుంటాది. అన్నం వైపే సూస్తాది. తినదు. నాను తినిపిస్తే ఉమ్మేస్తాది. మేడమ్మగారు ఎలాగ తినిపించేవారో మీకేటైనా తెలుసేమోనని."

నాకేమీ తెలియదు.

మా ఆవిడ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి టీచరు. మాటలు రాని పిల్లలు, ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలు, ఎన్నిసార్లు దిద్దించినా అక్షరం పట్టుబడని పిల్లలు. బడికి రాగలిగిన వాళ్లకి బడిలో చెప్పేది. రాలేని వాళ్లకి ఇళ్లకి వెళ్లి చెప్పేది. పొద్దున్నే విజయనగరంలో స్కూటరెక్కితే రామతీర్థం వైపు ఊళ్లన్నీ తిరిగి సాయంత్రానికి వచ్చేది. వచ్చి, కాళ్లు కడుక్కుంటూ ఆ రోజు ఎవరు ఏం చేశారో చెప్పేది. ఒక పిల్లవాడు మూడు నెలల తర్వాత బొత్తాం పెట్టుకున్నాడని, ఒక పిల్ల తన పేరు పిలిస్తే తల తిప్పిందని. నేను కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. చేతిలో ఎప్పుడూ ఏదో పుస్తకం ఉండేది. సగం వినేవాణ్ణి. ఆ సగంలో ఈ పిల్ల ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె తల నొప్పి అని పడుకుంది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంతకన్నా దాని గురించి రాయడానికి ఏమీ లేదు. వచ్చినవాళ్లు పద్యాలు చెప్పారు, నాకు తెలిసిన పద్యాలే. వాళ్లు వెళ్లిపోయాక బీరువాలోంచి పుస్తకాలు తీసి చూశాను. చావు గురించి చాలామంది చాలా బాగా రాశారు. బాగా రాశారన్నదే నాకు అడ్డొచ్చింది. పుస్తకాలు మళ్లీ లోపల పెట్టేశాను.

ఆ తల్లి ఫోన్ తీసింది. అద్దం మూల పగిలి ఉంది. "ఓపాలి తీసుకున్నాను బాబూ, నేర్సుకుందామని. సూస్తారా?" అంది.

వీడియోలో మా ఆవిడ కనపడలేదు. ఒక పిల్ల వీపు, రెండు జడలు, కంచం. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది. ఆ చేతికి ఉన్న గాజులు నేను చూస్తున్నప్పటికి మా బీరువాలో ఉన్నాయి. రెండు వేళ్లు పిల్ల కుడి మోచేతి కింద ఆనాయి. నొక్కలేదు, ఎత్తలేదు, ఆనాయి అంతే. పిల్ల చెయ్యి కదిలి అన్నంలోకి వెళ్లింది. అప్పుడు మా ఆవిడ గొంతు వినిపించింది. "తొందరపడకు. అది ఆలోచిస్తన్నాది."

ఆమె నౌపడ దగ్గర పుట్టింది. ఊళ్లలో తల్లులతో మాట్లాడేటప్పుడు పుట్టింటి మాటే మాట్లాడేది. నాతో మాట్లాడేటప్పుడు ఎందుకో కొంచెం సర్దుకునేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతుతో నాతో మాట్లాడింది తక్కువ.

మర్నాడు నేను వాళ్ల ఊరు వెళ్లాను.

పిల్లకి తొమ్మిదేళ్లు. మాట లేదు. స్టీలు గ్లాసు చెవికి ఆనించుకుని గంటలు గంటలు కూర్చోగలదు. కొత్తవాళ్లు వస్తే చూడదు, వెళ్తే చూడదు. తండ్రి విశాఖపట్నంలో మేడల పనికి వెళ్లి నెలకి రెండుసార్లు వస్తాడు. ఇంట్లో తల్లి, నాయనమ్మ. మధ్యాహ్నం తల్లి కంచంలో అన్నం, పప్పు కలిపి పెట్టింది. పిల్ల పీట మీద కూర్చుంది. కుడి మోచెయ్యి ఒంటికి కాస్త దూరంగా పెట్టుకుంది, ఎవరికో అందేలా.

నేను వెనక కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి. రెండు వేళ్లు చాపి, వీడియోలో చూసినట్టే, ఎముక కింద ఆనించాను. పిల్ల కదల్లేదు. తీసేద్దామనుకున్నాను. అంతలో ఆ మోచెయ్యి నా వేళ్ల మీద బరువు వేసింది, చాలా కొంచెం. తర్వాత చెయ్యి కంచంలోకి వెళ్లింది. ముద్ద కట్టింది. తినేసింది. మళ్లీ మోచెయ్యి వెనక్కి వచ్చి ఆగింది.

ఒక్కో ముద్దకి ఒక్కోసారి. కంచం ఖాళీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది.

నాయనమ్మ గోడకి ఆనుకుని చూస్తోంది. "ఓలమ్మ! బాబుగారి ఏళ్లకి ఏటి మందుందో!" అంది. కోడలి వైపు తిరిగి, "నువ్వు ముట్టుకుంటే అరిసినాది, సూసినావా? నీ సెయ్యి కొడవలి సెయ్యి," అంది.

"అవునే అత్తా, కొడవలి పట్టకపోతే నీకు కూడెవులెడతారు?" అంది కోడలు. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వినట్టు నవ్వారు. నేనూ నవ్వి ఉంటాను.

ఆ తర్వాత రోజూ వెళ్లాను. ఆదివారాలు కూడా. పొద్దున్నా సాయంత్రం పిల్ల పాలు, అరటిపండు, బిస్కెట్లతో సరిపెట్టుకునేది. అన్నం మాత్రం నేను వెళ్తేనే. మధ్యాహ్నం పన్నెండున్నరకి నేను ఆ ఇంట్లో ఉండాలి. మనిషి పోయాక ఇంట్లో అన్నిటికన్నా కష్టమైనది మధ్యాహ్నం. నాకు దానికి ఒక చోటు దొరికింది.

రెండో వారంలో ఆ తల్లి అడిగింది. "నాకు నేర్పీండి బాబూ. మీకు రోజూ ఈ తిరుగుడెందుకు?"

"నేర్పుతాను. ముందు పిల్ల కుదుటపడనీ," అన్నాను.

అబద్ధం. నేర్పడానికి పది నిమిషాలు చాలు. ఆమె చెయ్యి తొందరగా వెళ్తుంది, మోచెయ్యి పట్టుకుని ఎత్తేస్తుంది, అందుకే పిల్ల అరుస్తుంది. ఆనించి ఆగమని చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. ఆమె ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఏదో చెప్పాను. తర్వాత అడగడం మానేసింది. పెద్దవాళ్లు వద్దన్నారంటే ఏదో కారణం ఉంటుందనుకునే మనిషి ఆమె.

మా ఆవిడ బల్ల సొరుగులో ఒక్కో పిల్లకి ఒక్కో నోటు పుస్తకం ఉండేది. మొదటి వారంలోనే వెతికితే ఈ పిల్ల పుస్తకం దొరికింది. రెండేళ్లది. మొదటి పేజీలో, "కిటికీ దగ్గర కూర్చుంటుంది. గ్లాసు తీసుకుంటే ఏడుస్తుంది. తీసుకోకూడదు," అని ఉంది. తర్వాత పేజీల్లో ఆమె పని చేసే పద్ధతి నెమ్మదిగా అర్థమైంది. ముందు పిల్ల చేతిమీద తన చెయ్యి మొత్తం వేసి ముద్ద కట్టించింది. కొన్ని నెలలకి చెయ్యి వెనక్కి జరిపి మణికట్టు పట్టుకుంది. ఇంకొన్ని నెలలకి మోచేతి దగ్గరికి వచ్చింది. ఆ మాట ఆమె ఒకసారి నాతో కూడా అంది, ఇప్పుడు గుర్తొస్తోంది. మేము ఇచ్చే సాయం వెనక్కి నడుస్తూ ఉండాలండీ, ఆగిపోతే ఆ పిల్లకి అది కూడా ఒక అవిటితనమే, అంది. నేను పుస్తకంలో వేలు పెట్టుకుని ఊఁ అన్నాను.

ఆ నోటు పుస్తకం నేను రోజుకి ఒక పేజీ చదివాను. ఒక్కటే. పొద్దున కాఫీ తాగి, ఒక పేజీ చదివి, మూసేసేవాణ్ణి. జీవితమంతా పుస్తకాలు గబగబా చదివినవాణ్ణి, పడుకోబోయే ముందు ఆఖరి పేజీలు చూసి పడుకునే అలవాటున్నవాణ్ణి. ఈ ఒక్కటీ అయిపోకూడదనుకున్నాను. ఆమె రాసిన మాటల్లో నేను చదవనివి ఇంకా కొన్ని ఉన్నాయంటే ఆమె నాతో చెప్పవలసింది ఇంకా కొంత ఉన్నట్టు. కొన్ని రోజులు పేజీ చిన్నదైతే మర్నాడు అదే మళ్లీ చదివేవాణ్ణి.

అలా జూన్ ఆఖరు నుంచి అక్టోబరు వచ్చింది.

ఈలోగా ఆ పిల్లలో ఒక మార్పు వచ్చింది. వాళ్లమ్మ రెండు మూడుసార్లు చెప్పింది కూడా. "అన్నానికే కాదు బాబూ, దేనికీ కదలడం నేదు. పెరటి బండ కాడ సెయ్యి కడిగి వొదిలేస్తే అక్కడే నిలబడిపోతన్నాది. రెక్కట్టుకుని లాక్కురావాల." నేను, పెరిగే వయసు, అలాగే ఉంటుంది, అన్నాను. ఆ మాట నేను ఎక్కడ చదివానో కూడా తెలియదు. చదివి ఉండను.

అక్టోబరులో తుపాను వాన పట్టింది. ఒకరోజు దారిలో జోరెక్కితే స్కూటరాపి పాకలో టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. వాన తగ్గుతుంది కదా అని ఆగాను. టీ తాగాను. ఇంకొకటి తాగాను. ఎంతసేపు ఆగానో తర్వాత చాలాసార్లు లెక్కేసుకోవాలని చూశాను. గంట కంటే ఎక్కువే.

నేను వెళ్లేసరికి ఆ పిల్ల పెరట్లో చేతులు కడుక్కునే బండ మీద నిలబడి ఉంది. వాన తల మీద పడుతోంది. జడలు మెడకి అంటుకుపోయాయి. పెదాలు నల్లబడ్డాయి. నాలుగడుగుల్లో చూరు ఉంది, తలుపు తీసే ఉంది. పిల్ల ముందుకి చూస్తూ నిలబడింది. కుడి మోచెయ్యి ఒంటికి దూరంగా, కొంచెం వెనక్కి చాపి ఉంది.

ఎవరైనా వెనకనుంచి వస్తారని.

తల్లి మడిలో నీళ్లు నిలిచిపోతుంటే గట్టు తెగ్గొట్టడానికి పరిగెత్తిందట. చెయ్యి కడుక్కోమని పిల్లని బండ దగ్గర వదిలి, బాబుగారు వచ్చే వేళే కదా అనుకుందట. నాయనమ్మ లోపల దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

నేను వెళ్లి ఆ మోచేతి కింద వేళ్లు పెట్టాను. వెంటనే నడిచింది. నేరుగా లోపలికి వెళ్లి పీట మీద కూర్చుంది. ఏడవలేదు. వణుకుతోంది, కానీ ఆ వణుకు ఎవరిదో అన్నట్టు కూర్చుంది. నాయనమ్మ లేచి, "ఓలమ్మో, పిల్ల తడిసిపోనాది! ఒక్కడుగు లోపలికెయ్యకపోనావే, మొద్దూ!" అని తిడుతూ చీరచెంగుతో తల తుడిచింది. అడుగు ఎందుకు వెయ్యలేదో నాకు అప్పటికి తెలిసిపోయింది.

ఇంటికొచ్చి తడిబట్టలతోనే నోటు పుస్తకం తీశాను. మిగిలిన పేజీలు చదివేశాను. ఎక్కువ లేవు. వేగంగా చదివేవాడికి పావుగంట పని. దాన్ని నేను నాలుగు నెలలు దాచుకుని ఉంచాను.

ఆఖరున రాసి ఉన్నది ఇది:

"మోచేయి దగ్గర ఆగిపోయింది. తప్పు నాదే. ఎప్పుడో తీసెయ్యాల్సింది. బాగా తింటోంది కదా అని వదల్లేకపోయాను. ఎండలు తగ్గాక మొదలుపెట్టాలి. రెండు వేళ్ల బదులు ఒకటి. తర్వాత వేలు ఒంటికి తగలకుండా గౌను గుడ్డకి మాత్రం. తర్వాత తాకకుండా వెనక చెయ్యి ఉంచడం. తర్వాత గుమ్మం అవతల. మధ్యలో అరిస్తే అరవనివ్వాలి. ఇదంతా వాళ్లమ్మతోనే చేయించాలి. నేను కాదు."

ఆ తర్వాత పేజీలు తెల్లగా ఉన్నాయి.

మర్నాడు వెళ్లి ఆ తల్లికి ఆ పేజీ చదివి వినిపించాను. పుస్తకం నా దగ్గర జూన్ నుంచి ఉందని చెప్పాను. ఆఖరి వరకూ చదవలేదని చెప్పాను. ఎందుకు చదవలేదో కూడా చెప్పాను. ఆమెకి నేర్పడం నాకు ఇష్టం లేక నేర్పలేదని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. దానికి నాకే ఆశ్చర్యం వేసింది.

పిల్లకి జ్వరం వచ్చింది, లోపల పడుకుని ఉంది. ఆమె అంట్లు ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. గిన్నె మీద గిన్నె తోమింది. తోమినవి మళ్లీ తోమింది.

"సదువుకున్నోరు కదా అనుకున్నాను," అంది చివరికి, నా వైపు చూడకుండా.

నాయనమ్మ అందుకుంది. "ఒలే, ఊరుకోయే. పెళ్లాం పోయిన మనిషి."

"నాకూ తెలుసు అత్తా. మేడమ్మగారు నాకు మాత్రం పోనేదేటి? నా పిల్ల వానలో నిలబడిపోనాది." గిన్నె బోర్లించింది. చేతులు కడుక్కుని లేచింది. "సెప్పండి. ఎలాగ తియ్యాలో సెప్పండి. మీరు వెనక కూకోకండి. అరుగు మీద కూకుని సెప్పండి."

పిల్లకి జ్వరం తగ్గాక మొదలుపెట్టాం. నేను అరుగు మీద కూర్చున్నాను. నోటు పుస్తకం ఒళ్లో ఉంది.

ఒక వేలికి పిల్ల ఒప్పుకుంది. రెండు మూడు రోజులు మోచెయ్యి కొంచెం కిందికి దించి, ఇంకో వేలు ఎక్కడుందా అని వెతికినట్టు కదిపింది. తర్వాత ఒక వేలితోనే తింది. గుడ్డ దగ్గర కష్టమైంది. గౌను చేతిని వాళ్లమ్మ ఊరికే అలా పట్టుకుంటే, పిల్ల కదల్లేదు. అన్నం చల్లారిపోయింది. ఆ రోజు తినలేదు. మర్నాడూ తినలేదు. మూడో రోజు కంచం తోసేసి, తల గోడకి కొట్టుకుంది. వాళ్లమ్మ తన అరచెయ్యి గోడకీ తలకీ మధ్య పెట్టి ఉంచింది. నాయనమ్మ పెరట్లోంచి, "ఇద్దరూ కలిసి పిల్ల ఉసురు పోసుకుంటన్నారు! ఒక్క ఏలు పెడితే మీ సొమ్మేటి పోనాది?" అని అరిచింది.

నాకూ అదే అనిపించింది. అరుగు మీదనుంచి నాలుగడుగులు. నా వేళ్లకి అలవాటైన చోటు. లేవకుండా ఉండడానికి అరుగు అంచు పట్టుకున్నాను.

వాళ్లమ్మ నన్ను చూసింది. "లెగకండి," అంది.

తర్వాత తను మళ్లీ పిల్ల వెనక కూర్చుంది. గుడ్డ పట్టుకుంది. ఆగింది. ఆమె ఆగడం నేర్చుకుంది, అది నేను నేర్పలేదు. పెదాలు కదులుతున్నాయి. తర్వాత అడిగితే చెప్పింది, మేడమ్మగారు వీడియోలో అన్న మాట లోపల అనుకుంటున్నానని. మూడోసారి అనుకునేసరికో, నాలుగోసారికో పిల్ల చెయ్యి కదిలింది.

నవంబరు అంతా అలా గడిచింది. ఒకరోజు ముందుకి, రెండు రోజులు వెనక్కి. ఆ తర్వాత తాకకుండా వెనక చెయ్యి. పిల్లకి ఆ చెయ్యి కనపడదు, కానీ అక్కడ ఉందని ఎలా తెలిసేదో తెలిసేది. డిసెంబరు మొదట్లో వాళ్లమ్మ లేచి గుమ్మం అవతలికి వచ్చింది. నా పక్కనే నిలబడింది. ఇద్దరం లోపలికి చూశాం. పీట మీద పిల్ల ఒక్కతే. మోచెయ్యి వెనక్కి వచ్చి ఆగింది. దాని వెనక ఎవరూ లేరు. ఆ ఖాళీ చోటులోకి నేను చూడలేకపోయాను. కంచంకేసి చూశాను. ఒక ఈగ అన్నం మీద వాలింది. పిల్ల దాన్ని తోలడానికి చెయ్యి ఎత్తింది. తోలిన చేత్తోనే ముద్ద కట్టింది.

వాళ్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈగ!" అంది, నవ్వో ఏడుపో తెలియకుండా. "ఇన్నాళ్లూ తిండి కాడ తోలిన ఈగలన్నీ ఊరికే తోలేసినాం బాబూ."

కోతలు మొదలయ్యాయి. వాళ్లమ్మ పొద్దున్నే పొలానికి వెళ్లిపోయేది. అన్నం కంచంలో పెట్టి మూత వేసి వెళ్లేది. పిల్ల చెయ్యి కడుక్కుని, బండ దగ్గర కొంచెంసేపు నిలబడి, తనంతట తనే లోపలికి వచ్చి తినేది. నేను అప్పుడప్పుడు వెళ్లి చూసేవాణ్ణి. చూడవలసిన అవసరం లేదు. ఎవరూ రావద్దనలేదు కాబట్టి వెళ్లేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. పిల్ల లోపల తింటోంది. సగం తిని ఆగింది. ఎందుకో గోడ వైపు చూస్తోంది. ఆలోచిస్తోందేమో. నేను లోపలికి వెళ్లి వెనక కూర్చున్నాను. పిల్ల ఆగిందని కాదు. కొంచెంసేపు ఆగితే తనే తింటుందని నాకు తెలుసు. ఈ భూమ్మీద మా ఆవిడ చెయ్యి ఎలా ఉండేదో ఇంకా తెలిసిన చోటు ఆ మోచెయ్యి ఒక్కటే. ఆ చోటు దగ్గర నేను రెండు వేళ్లు పెట్టాను.

పిల్ల మోచెయ్యి తీసేసింది. విసురుగా కాదు. ఒంటికి దగ్గరగా తెచ్చుకుంది. పీట మీద ఒక బెత్తెడు పక్కకి జరిగింది. తర్వాత ముద్ద కట్టుకుని తింది.

నాయనమ్మ చెరగడం ఆపి చూసింది. "తింటన్నాది కద బాబూ," అంది. "ఎందుకేటి?"

బయటికొచ్చి, ఆమెకి వెళ్లొస్తానని చెప్పి స్కూటరు తీశాను. మళ్లీ ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా సాయంత్రాలే వెళ్లాను.